లేని రెండు సంవత్సరాలు



ఈ సంగతి ఇరవై ఏళ్లకు పైగా నాలోనే దాచుకున్నాను. చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు. మొన్న వేసవిలో మా వీధిలోని ఒక తండ్రి రాత్రి ఎనిమిది గంటలకు మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని కాసేపు ఎండల గురించి, కాసేపు మినుముల ధర గురించి మాట్లాడి, చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"మాస్టారూ, మా అమ్మాయి బీటెక్ పూర్తయి ఏడాదిన్నర అయింది. హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు, మూడేళ్లు అనుభవం ఉన్నట్టు కాగితాలు పెడితే ఉద్యోగం ఖాయమంటున్నారు. రెండు లక్షలు అడుగుతున్నారు. మీ పెద్దబ్బాయి ఆ లైనులోనే ఉన్నాడు గదా, మీరేం చెయ్యమంటారు?"

ఆ రాత్రి నా నోట మాట రాలేదు. "రేపు పొద్దున నేనే వస్తాలే" అని పంపించేశాను. మంచం మీద పడుకున్నానే గాని నిద్ర పట్టలేదు. ఇదే ప్రశ్న 2000 సంవత్సరంలో నా ఇంట్లోకే వచ్చింది. అప్పుడు నేను ఏం చేశానో మీకు చెప్పాలి.

నేను బడిపంతుల్ని. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పి 2004లో ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. నా సర్వీసులో ఒక విషయంలో నాకు పేరుండేది. బడి అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ దిద్దమని చాలామంది వచ్చేవారు. ఉద్యోగానికి వయసు దాటిపోతోందని, ఒక్క రెండేళ్లు తగ్గించమని బతిమాలేవారు. కోళ్లు తెచ్చారు, బియ్యం బస్తాలు తెచ్చారు. ఒకసారి మా బావమరిదే వచ్చాడు. నేను కలం ముట్టలేదు. "మాస్టారు రాయి" అనేవారు. ఆ మాట నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

కంప్యూటర్ల గొడవ మా ఊరికి తెలిసింది కూడా ఒక విధంగా ఆ రిజిస్టరు లాంటి లెక్క వల్లనే. మా పెద్దవాడు 1998లో ఎం.సి.ఏ. పాసై ఇంటికి వచ్చినప్పుడు నాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. "నాన్నా, మీ రిజిస్టరులో పుట్టిన సంవత్సరం 54 అని రాస్తారు గదా. మనం దాన్ని 1954 అని చదువుకుంటాం. పాత రోజుల్లో కంప్యూటరులో చోటు చాలా ఖరీదు. అందుకని ప్రోగ్రాములు రాసినవాళ్లు కూడా సంవత్సరానికి రెండంకెలే పెట్టారు. 1999లో 99లో నుంచి 54 తీసేస్తే నలభై ఐదు, వయసు సరిగానే వస్తుంది. 2000 రాగానే ఆ చోట రెండు సున్నాలు పడతాయి. సున్నాలో నుంచి 54 ఎట్లా తీస్తుంది? బ్యాంకు వడ్డీలు, పింఛన్లు, బీమా లెక్కలు అన్నీ తప్పుతాయి."

అమెరికా బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో ఆ పాత ప్రోగ్రాములు ఎక్కువగా కోబాల్ అనే భాషలో ఉండేవి. అది 1959లో మొదలైన భాష. అక్కడి కుర్రవాళ్లు అప్పటికే కొత్త భాషల వైపు వెళ్లిపోయారు. లక్షల వరుసలు ఒక్కొక్కటిగా వెతికి దిద్దటానికి మనుషులు కావలసి వచ్చారు. గడువు మాత్రం ఒక్కరోజు కూడా జరపటానికి లేదు. ఆ పని మన దేశానికి వచ్చింది. అదే సమయంలో ఇంటర్నెట్టు కంపెనీల వెర్రి కూడా మొదలైంది. అమెరికా వాళ్లు హెచ్-1బి అనే ఉద్యోగ వీసాలను ఏడాదికి 65,000 నుంచి 1999లో 1,15,000కు పెంచారు. 2001 నుంచి 1,95,000 చేశారు. హైదరాబాదులో 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు క్లింటనే హైదరాబాదుకు వచ్చాడు. మా ఊళ్లో టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆ రోజు జనమే.

అమెరికా స్టాక్ మార్కెట్టులో కంప్యూటర్ కంపెనీల సూచీ, నాస్‌డాక్ అంటారు, అంతకు రెండు వారాల ముందే, మార్చి 10న, అయిదు వేలు దాటి శిఖరానికి చేరింది. ఆ తరువాత రెండున్నరేళ్లు అది దిగుతూనే పోయింది. 2002 అక్టోబరుకు పదకొండు వందల దగ్గరికి పడిపోయింది. అంటే మేము టీవీ ముందు చప్పట్లు కొట్టే వేళకే కొండ దిగటం మొదలైపోయింది. అది మాకెవరికీ తెలియదు.

మిరప రైతులకు ఈ సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు. గుంటూరు యార్డులో ఒక ఏడాది మిరపకాయల ధర పెరిగితే మరుసటి ఏడాది ప్రతివాడూ మిరపే వేస్తాడు. కాయ కోతకు వచ్చేసరికి ధర ఉండదు. చదువు కూడా కోతకు రావటానికి రెండు మూడేళ్లు పట్టే పంటే. ధర చూసి విత్తితే, ఆ ధర మన కోత దాకా ఆగుతుందన్న హామీ లేదు.

మావాడు అమీర్‌పేటలో చేరాడు. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనిపించకుండా బోర్డులు, అడుగు వేస్తే చేతిలో ఒక కరపత్రం. ఎస్.ఆర్. నగర్‌లో ఒక గదిలో అయిదుగురు కుర్రాళ్లు. మొదట మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్నాడు. అది చేతికొచ్చేసరికి 2000 సంవత్సరం వచ్చేసింది. పెద్ద ప్రమాదమేమీ లేకుండా ఆ జనవరి గడిచింది. దిద్దవలసినవి చాలావరకు దిద్దేశారు. పని అయిపోయింది. ఇప్పుడు జావా నేర్చుకోవాలన్నారు. మళ్లీ ఫీజు కట్టాను. అట్లా రెండేళ్లు గడిచాయి, ఉద్యోగం రాలేదు.

2000 ఏప్రిల్‌లో ఒక రాత్రి వాడు ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"నాన్నా, ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాకు వీసా వేస్తామంటున్నారు. లక్షన్నర కావాలి."

"ఉద్యోగం ఇచ్చేవాళ్లు జీతం ఇవ్వాలి గాని, మన దగ్గర డబ్బు తీసుకోవటమేమిటిరా?"

"అందరూ ఇట్లాగే వెళుతున్నారు నాన్నా. ఇంకో మాట. అనుభవం లేకపోతే నా బయోడేటా తీసి చూడరట. అందుకని ఈ రెండేళ్లూ హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేసినట్టు వాళ్లే కాగితాలు పెడతారు. నియామకం ఉత్తరం, జీతం చీటీలు, అన్నీ. ఎవరైనా ఫోను చేసి అడిగితే అవును పనిచేశాడని చెప్పటానికి మనిషి కూడా ఉంటాడు."

"మరి ఈ రెండేళ్లూ నువ్వు నిజంగా ఏం చేశావో అది రాస్తే చాలదా?"

వాడు నవ్వాడు. ఆ నవ్వులో ఏడుపు ఉంది. నా వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ఏదో ఒకటి చెబుతానని ఎదురుచూశాడు.

నేను ఏమీ అనలేదు. సరే అనలేదు, వద్దనీ అనలేదు. వాడి చిన్నాన్న కొడుకు అమెరికాలో ఉన్నాడు. మా ఇంటావిడ మెడలో గొలుసు తాకట్టులో ఉంది. ఇంకా పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉంది. ఇవన్నీ లెక్కపెట్టుకుంటూ లేచి లోపలికి వెళ్లి పడుకున్నాను. మరునాడు ఎకరం పొలం తాకట్టు పెట్టాను. ఊరివాళ్ల బిడ్డలకు రెండేళ్లు తగ్గించటానికి ఒప్పుకోని చెయ్యి, సొంత బిడ్డకు రెండేళ్లు కలపటానికి డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.

అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ లేదు. అది 2008లో వచ్చింది. అందరూ మద్రాసు వెళ్లేవారు. ఆగస్టులో వీసా వచ్చిందని ఎస్.టి.డి. బూతుకు ఫోను వచ్చింది. బూతు నడిపే కుర్రవాడు పరుగెత్తుకొచ్చి చెప్పాడు. ఆ ఆదివారం మందిరంలో కృతజ్ఞతార్పణ ఇచ్చి, నిలబడి సాక్ష్యం చెప్పాను. దేవుడు నా బిడ్డకు ద్వారం తెరిచాడని చెప్పాను. ఆ ద్వారానికి మేము చేయించిన దొంగ తాళం గురించి చెప్పలేదు. సంఘమంతా సంతోషించింది. వెనుక వరుసలో మా చెల్లెలి కొడుకు కూర్చుని ఉన్నాడు. వాడు కూడా అదే చదువు. లక్షన్నర తేలేకా, కొంత భయపడీ, హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో నెలకు మూడు వేల అయిదు వందలకు చేరాడు. ఆరాధన అయ్యాక వాణ్ణి పిలిచి, "నువ్వు కూడా ఏదో ఒకటి చూసుకోరా, ఇట్లా ఎన్నాళ్లు?" అన్నాను. "అట్లాగే మావయ్యా" అన్నాడు తలవంచుకుని. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

అక్టోబరులో మావాడు న్యూజెర్సీలో దిగాడు. కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్ హౌస్ అంటే రెండు గదులు, అందులో ఎనిమిది మంది. వాళ్ల పద్ధతి నాకు తరువాత తెలిసింది. పని ఇచ్చేది ఒక పెద్ద కంపెనీ. దానికీ మన కుర్రవాడికీ మధ్య ఒకరో ఇద్దరో దళారులు. గంటకు ఇంత అని పైనుంచి వచ్చే డబ్బులో ఒక్కొక్కరూ తమ వాటా తీసుకోగా మిగిలింది వీడికి. పని దొరికేదాకా కూర్చోవటాన్ని బెంచి అంటారు. బెంచి మీద ఉన్నా జీతం ఇవ్వాలని 1998లోనే అక్కడ చట్టం చేశారు. మావాడికి ఇవ్వలేదు. అడగటానికి ధైర్యం లేదు, ఎందుకంటే కాగితాలు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. అబద్ధం కలిసి ఆడినవాళ్ల మీద ఫిర్యాదు ఎక్కడ చేస్తాం?

డిసెంబరులో ఒక పని దొరికింది. అప్పటికి బయోడేటాలో రెండేళ్లు నాలుగేళ్లు అయ్యాయట. నాలుగేళ్ల అనుభవమున్నవాడికి ఇచ్చే పని వీడికి ఇచ్చారు. రాత్రిళ్లు మేలుకుని నేర్చుకుని పగలు చేశాడు. మూడు నెలలకు వాళ్లకు అర్థమైపోయింది. 2001 మార్చిలో తీసేశారు. అప్పటికే ఇంటర్నెట్టు కంపెనీలు వరుసగా మూతపడుతున్నాయి. 2000 సంవత్సరం భయంతో అందరూ కొత్త యంత్రాలు ముందే కొనుక్కున్నారు గనుక, మిగిలిన కంపెనీలు కూడా ఖర్చు తగ్గించుకున్నాయి. సెప్టెంబరు 11 దాడుల తరువాత ఇంకా బిగించేశారు. ఉద్యోగం పోయిన వీసాదారుకు ఇంకోటి వెతుక్కోవటానికి 60 రోజుల గడువు ఇచ్చే నియమం 2017లో గాని రాలేదు. అప్పట్లో అదీ లేదు.

వాడు ఫోను కార్డుతో రెండు నిమిషాలు మాట్లాడి "బాగున్నాను" అనేవాడు. మేము ఊళ్లో "బాగున్నాడు" అని చెప్పేవాళ్లం. అమెరికా వరుడని ఒక మంచి సంబంధం వచ్చింది. నేను అవునని గాని కాదని గాని చెప్పకుండా నాన్చాను. చివరికి వాళ్లే మానుకున్నారు.

డిసెంబరులో ఉత్తరం వచ్చింది. వాడు చేత్తో రాసిన నాలుగు పేజీలు. అందులో ఒక చోట ఈ విధంగా రాశాడు: "నాన్నా, పని లేకపోవటం కన్నా ఇంకోటి నన్ను తినేస్తోంది. ఆ రెండేళ్లలో ఏం చేశావని ఫోనులో ఎవరు అడిగినా ఒక మనిషిని పుట్టించి చెబుతున్నాను. ఆ మనిషి నాకన్నా తెలివైనవాడు. వాడికి ఉద్యోగం వస్తుంది, నేను వెళ్లి పనిచేయాలి. నేను ఎవరో నాకే మరుపు వస్తోంది."

2002 ఫిబ్రవరిలో తిరిగి వచ్చేశాడు. ఊరివాళ్లు చూడకూడదని తెనాలిలో పొద్దుపోయేదాకా ఉండి, చీకటి పడ్డాక ఆటోలో దిగాడు. మా ఇంటావిడ అన్నం పెడితే తలెత్తకుండా తిన్నాడు. ఆమె లోపలికి వెళ్లాక, "తప్పు నాదిరా" అన్నాను.

వాడు చాలాసేపు ఊరుకుని, "ఆ రోజు మీరు ఒక్క మాట వద్దంటే ఆగిపోయేవాణ్ణి నాన్నా. మీరు వద్దంటారనే మీకు చెప్పాను" అన్నాడు.

అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

వాణ్ణి తన గదికి తీసుకుపోయింది ఎవరో తెలుసా? మా చెల్లెలి కొడుకే. "బావా, అద్దె సంగతి తరువాత చూద్దాంలే, వచ్చేయ్" అన్నాడు. ఆ గదిలో కూర్చుని మావాడు కొత్త బయోడేటా రాసుకున్నాడు. 1998 నుంచి 2000 దాకా: ఉద్యోగం లేదు, శిక్షణ. అమెరికాలో: మూడు నెలల పని. అంతే. దాన్ని చూసి చాలాచోట్ల తిప్పి పంపేశారు. తొమ్మిది నెలలకు ఒక చిన్న కంపెనీలో ఆరు వేల జీతానికి తీసుకున్నారు. ఇరవై ఏడేళ్లవాడు ఇరవై మూడేళ్ల కుర్రవాడి కింద పని నేర్చుకున్నాడు. తరువాత అమెరికా కంపెనీలే ఖర్చు తగ్గించుకోవటానికి పనిని ఇక్కడికి పంపటం పెంచాయి. వెర్రిరోజుల్లో సముద్రం కింద వేసిన తంతుల వల్ల అటు నుంచి ఇటు పని పంపటం చవక అయింది. 2004కు మళ్లీ ఉద్యోగాలు వచ్చాయి. వాడు నిలదొక్కుకున్నాడు. తాకట్టు పొలం 2007లో విడిపించాడు. ఈ రోజు వాడు పెద్ద ధనవంతుడేం కాదు గాని, ఫోను మోగితే ఉలిక్కిపడడు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఆ గెస్ట్ హౌస్‌లోని ఎనిమిది మందిలో నలుగురు అవే రకం కాగితాలతో అక్కడే నిలబడిపోయారు. ఇప్పుడు వాళ్లకు సొంత ఇళ్లున్నాయి. పని నేర్చుకున్నారు, కష్టపడ్డారు, మంచివాళ్లే. అబద్ధం చెప్పినవారందరూ చెడిపోయారని నేను ఇక్కడ రాస్తే, అది ఇంకో అబద్ధం అవుతుంది. నేను చెప్పేది అది కాదు. నా బిడ్డ ఒక రాత్రి నా దగ్గర ఒక మాట కోసం వస్తే, నేను ఆ మాట ఇవ్వలేదు. నష్టం అక్కడ జరిగింది. వాడు అమెరికాలో గెలిచి ఉన్నా ఆ నష్టం నష్టమే.

మరునాడు పొద్దున్నే ఆ తండ్రి ఇంటికి వెళ్లాను. అమ్మాయిని కూడా కూర్చోమని, ఇప్పుడు మీకు చెప్పినదంతా వాళ్లకు చెప్పాను. మా మేనల్లుడినీ మావాణ్ణీ అడిగి తెలుసుకున్న సంగతులు కూడా చెప్పాను. 2021, 22లలో కరోనా తరువాత కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకున్నాయి. ఆ మీదట ఉత్తరాలు ఇచ్చినవాళ్లను కూడా నెలల తరబడి ఆపాయి. 2023లో ప్రపంచమంతటా తీసివేతలు జరిగాయి. ధర పెరిగినప్పుడు విత్తినవాళ్లు మళ్లీ ధర పడ్డాక కోతకు వచ్చారు. ఇది అమ్మాయి తప్పు కాదు. పైగా ఈ రోజుల్లో దొంగ అనుభవం నిలవటం కూడా కష్టం. 2014 నుంచి ప్రావిడెంట్ ఫండ్‌కు ప్రతి ఉద్యోగికీ ఒకే నంబరు ఉంది. ఎప్పుడు, ఎక్కడ పనిచేశారో అందులో కనిపిస్తుంది. చేరి ఏడాదైన తరువాత బయటపడి తీసేసినవాళ్లు ఉన్నారు. డబ్బు అడిగే ఉద్యోగం ఉద్యోగం కాదు. ఆ రెండు లక్షలలో నాలుగో వంతుతో గుంటూరులోనో విజయవాడలోనో ఆరు నెలలు ఉండి, చిన్న చోట నిజమైన పని నేర్చుకోవచ్చు.

తండ్రి మౌనంగా విన్నాడు. అమ్మాయి అడిగింది: "తాతయ్యగారూ, మరి ఖాళీగా ఉన్న ఈ ఏడాదిన్నర గురించి ఏం రాయమంటారు?"

"నువ్వు ఏం చేశావమ్మా?"

"ఆరు నెలలు పరీక్షలకు చదివాను. అమ్మకు ఆపరేషన్ అయితే చూసుకున్నాను. చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పాను. కొంత కోడింగ్ నేర్చుకున్నాను."

"అదే రాయమ్మా. అందులో ఖాళీ ఎక్కడుంది?"

ఇప్పుడు ఆ పిల్ల విజయవాడలో ఒక చిన్న కంపెనీలో పన్నెండు వేలకు పనిచేస్తోంది. తండ్రికి ఇంకా కొంచెం అసంతృప్తిగానే ఉంది. మొన్న సంతలో కనిపించి, "మీ మాట విన్నందుకు ఇంతే వచ్చింది మాస్టారూ" అన్నాడు. ఆ నింద పడటానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

ఐగుప్తులో యోసేపు సమృద్ధిగా పండిన ఏడేళ్లను చూసి మురిసిపోలేదు, రాబోయే ఏడేళ్ల కరువు కోసం కొట్లు కట్టించాడు. మన పిల్లలకు ఈ రంగంలో మంచి ఏళ్లు వస్తాయి, కరువు ఏళ్లూ వస్తాయి. మంచి ఏడాదిలో అప్పు చేయకుండా నేర్పు కూడబెట్టుకోమని చెప్పండి. కరువు ఏడాదిలో వాళ్లను పనికిరానివాళ్లుగా చూడకండి. సంఘాల పెద్దలకు కూడా ఒక మనవి. వీసా వచ్చినవాడి సాక్ష్యం విన్నంత సంతోషంగా, వీసా పోయి చీకట్లో ఇల్లు చేరినవాడి మాట కూడా వినండి. వాడు ఆదివారం మందిరానికి రావటానికి సిగ్గుపడేటట్టు చేసింది మన పొగడ్తలే.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ రాత్రివేళ అరుగు మీదకు వచ్చి పక్కన కూర్చుంటే, లేచి లోపలికి వెళ్లిపోకండి. ఏదో ఒక మాట చెప్పండి.

2000 ఆగస్టులో నేను మా మందిరంలో చెప్పిన సాక్ష్యం సగమే. మిగిలిన సగం ఇది.